టిక్కెట్ల లెక్కలో ఋతుచక్రము

కర్నూలు, కడప సీమలు వాన తక్కువగల మెట్టసీమలు. ఇచ్చటి జనుల రాకపోకలు వానను, పంటను, పండుగను అనుసరించి సాగును. తొలకరి పడి నేల పదునైన వారమున రైతు ఊరు విడువడు. విత్తనములు వేయుటయే అప్పుడతని పని. సరిగా ఆ దినములలోనే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతములకు పరజిల్లాల నుండి జనులు వచ్చి చేరుదురు. వాననీటికి పైమట్టి కొట్టుకొనిపోగా బయటపడు వజ్రముల కొరకు చేలలో వెదకుట అచ్చట చిరకాలముగా ఉన్న వాడుక. శివరాత్రికి శ్రీశైలము, శ్రీరామనవమికి ఒంటిమిట్ట, శ్రావణ మాసములో మంత్రాలయము యాత్రికులతో నిండును. ఈ రాకపోకలలో పెక్కు ఒక చిన్న కాగితపు ముక్కపై తమ గుర్తును విడిచి పోవుచున్నవి. అదియే బస్సు టిక్కెట్టు.

ఒకనాటి టిక్కెట్లను లెక్కించినచో ఆనాడు ఎందరు ప్రయాణము చేసిరో తెలియును. అంతకు మించి తెలియదు. ఏడాది పొడవునను దినదినము అమ్ముడైన టిక్కెట్లను కూర్చి, ఒక ఋతువును మరియొక ఋతువుతో పోల్చి చూచినప్పుడు ఆ సీమ బ్రతుకే కంటికి కట్టును. ఏ కాలమున బస్సులు పెంచవలెనో, ఏ దారికి ఎన్ని బస్సులు చాలునో ఈ పోలికవలననే నిర్ణయింతురు. పోల్చుట సులభమైన పనివలె తోచును. కాని పోలిక తప్పినచో పండుగనాడు ప్రయాణికులు దారిలో నిలిచిపోవుదురు. ఒక్కొక్కప్పుడు ఒక పల్లెకు బస్సే లేకుండ పోవచ్చును.

ఈ లెక్కకు చాల కాలపు చరిత్ర కలదు. 1932లో నిజాము రాష్ట్రములో 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైనది. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. ఆ దినములలో కండక్టరు చేతిలో రంగురంగుల టిక్కెట్ల కట్టలు ఉండెడివి. ఒక్కొక్క ధరకు ఒక్కొక్క కట్ట. ప్రతి టిక్కెట్టుపై వరుస సంఖ్య. స్టేజి వచ్చినప్పుడెల్ల కండక్టరు ఆయా కట్టల సంఖ్యలను ఎస్.ఆర్. అని పిలువబడు కాగితములో వ్రాసికొనెడివాడు. బస్సు డిపో చేరిన పిమ్మట గుమాస్తాలు ఆ సంఖ్యలను కూడి, తీసివేసి, ఆనాటి అమ్మకమును తేల్చెడివారు. ఒక సంవత్సరపు లెక్కను మరియొక సంవత్సరపు లెక్కతో పోల్చవలెనన్న దొంతరల కొలది పుస్తకములు తిరగవేయవలసి యుండెడిది.

నేడు కండక్టరు చేతిలో టిమ్ యంత్రము ఉన్నది. ఎక్కిన చోటు, దిగు చోటు, చార్జి అను వానిని నొక్కగానే అది టిక్కెట్టును ముద్రించి ఇచ్చును. ఎవరు ఏ గంటలో ఏ స్టేజిలో ఎక్కిరో ఆ యంత్రము తనలో దాచుకొనును. ఆ వివరములు డిపో నుండి పెద్ద కంప్యూటరునకు చేరును. అచ్చట వానిని వర్గములుగా విడదీసి, కూడి, సగటు కట్టి, పటములుగా గీసి చూపెడి సాధనమే విశ్లేషణ సాఫ్ట్‌వేరు. పదిమంది గుమాస్తాలు నెల దినములు చేయు పనిని అది క్షణములో ముగించును. కాని దేనిని దేనితో పోల్చవలెనో అది తనంతట నిర్ణయింపలేదు. దానికి ఆ సంగతి మనుష్యుడే చెప్పవలెను.

ఈ సాఫ్ట్‌వేరు చేయు మొదటి పని దినముల ఒడుదుడుకులను చదును చేయుట. ఒక దారిలో సోమవారము మొదలుగా ఏడు దినములలో 210, 190, 200, 195, 205, 260, 350 టిక్కెట్లు అమ్ముడైనవని అనుకొందము. శనివారమును, ఆదివారమును ప్రయాణికులు హెచ్చుట సహజము. ఈ ఏడింటిని కూడిన 1610 అగును. ఏడుచేత భాగించిన 230 వచ్చును. మరునాడు మొదటి సోమవారమును విడిచి, క్రొత్త సోమవారమును చేర్చి మరల సగటు కట్టుదురు. ఇట్లు ముందునకు జరుగుచుండు ఏడు దినముల సగటును వరుసగా గీసినచో ఆదివారపు పోటు అణగిపోయి, ఋతువుతోపాటు నెమ్మదిగా లేచి పడు అల మాత్రమే కనిపించును. సంఖ్యలను గీతలుగా చూపు పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. 1786లో విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశస్థుడు ఇంగ్లండు వర్తకపు లెక్కలను ఇట్టి గీతలతో చూపి గ్రంథము ప్రకటించెను.

పోలికకు మొదటి నియమము: వారమును వారముతోనే పోల్చవలెను. సాధారణ దినమున 200 టిక్కెట్లు, ఆదివారమున 320 టిక్కెట్లు అమ్ముడగునని అనుకొందము. ముప్పది దినముల నెలలో నాలుగు ఆదివారములున్నచో మొత్తము 6480 అగును. ఐదు ఆదివారములున్నచో 6600 అగును. ఊరిలో ఏ మార్పును లేకయే 120 టిక్కెట్లు పెరిగినవి. ఇది కేవలము క్యాలెండరు చేసిన పని. ఇది తెలియనివాడు జనుల రాకపోకలు పెరిగినవని సంతోషించును. ఆ మరుసటి నెల తగ్గినవని చింతించును. రెండును వ్యర్థములే.

రెండవ నియమము మన దేశమున మిక్కిలి ముఖ్యమైనది. పండుగను పండుగతో పోల్చవలెను గాని తేదీని తేదీతో పోల్చరాదు. కంప్యూటరునకు జనవరి, ఫిబ్రవరి అను నెలలే తెలియును. కాని ఈ సీమ ప్రజలు ఒకేమారు మూడు విధములైన కాలగణనములలో జీవించుచున్నారు. సంక్రాంతి సూర్యుని అనుసరించునది. కావున ఏటేట జనవరి నడుమనే వచ్చును. ఉగాది, శివరాత్రి మొదలగునవి చాంద్రమానమును అనుసరించునవి. అవి తేదీ మారుచుండును. కడపలోని పెద్ద దర్గా ఉరుసు హిజరీ క్యాలెండరును అనుసరించునది. ఆ సంవత్సరమునకు 354 లేక 355 దినములే గనుక ఉరుసు ప్రతి యేడు ఇంచుమించు పదునొకండు దినములు ముందునకు జరుగును. సుమారు ముప్పదిమూడు సంవత్సరములలో అది అన్ని ఋతువులను చుట్టి వచ్చును.

దీని ఫలితమును శ్రీశైలము దారిలో స్పష్టముగా చూడవచ్చును. కర్నూలు నుండి ఆత్మకూరు, దోర్నాలల మీదుగా నల్లమల అడవిలో సాగు ఈ దారికి ఏడాదిలో పెద్ద రద్దీ శివరాత్రికిని, ఉగాదికిని వచ్చును. మహాశివరాత్రి 2024లో మార్చి 8న వచ్చినది. 2025లో ఫిబ్రవరి 26న వచ్చినది. ఫిబ్రవరి 26ను ఫిబ్రవరి 26తో పోల్చినచో 2024లో అది మామూలు సోమవారము, 2025లో శివరాత్రి. సాఫ్ట్‌వేరు ఫిబ్రవరిలో గొప్ప వృద్ధి కలిగినదనియు, మార్చిలో గొప్ప నష్టము కలిగినదనియు చూపును. నిజమునకు పండుగ నెల మారినదే గాని జనులు మారలేదు.

ఉగాది విషయము మరింత విచిత్రము. సంవత్సరమును మూడేసి నెలల నాలుగు భాగములుగా విభజించుట కార్యాలయముల వాడుక. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చినది గనుక అది రెండవ భాగములో చేరినది. 2025లో మార్చి 30న వచ్చి మొదటి భాగములో చేరినది. ఒక్క పండుగ గీతకు ఈవలనుండి ఆవలికి జరుగుటచేత రెండు భాగముల లెక్కయు తలక్రిందులగును. అంతేకాక ఉగాదికి కన్నడ దేశము నుండి వేలకొలది భక్తులు నల్లమల అడవి దారిని నడచి శ్రీశైలము చేరుదురు. వారిలో పెక్కుమంది పోవునప్పుడు టిక్కెట్టు కొనరు. తిరిగి వచ్చునప్పుడు బస్సెక్కుదురు. కావున పోవు ప్రయాణపు టిక్కెట్లను మాత్రమే చూచినవాడు తిరుగు ప్రయాణమునకు బస్సులు చాలినన్ని ఉంచలేడు.

అధికమాసము వచ్చిన యేడు ఈ చిక్కు ఇంకను పెరుగును. చాంద్రమాన సంవత్సరము సౌరమానముకన్న సుమారు పదునొకండు దినములు చిన్నది. ఆ కొరతను తీర్చుటకు ఇంచుమించు ముప్పదిమూడు నెలలకొకమారు ఒక మాసమును అధికముగా చేర్చుదురు. 2023లో శ్రావణము అధికమాసముగా వచ్చినది. నిజ శ్రావణము ఆగస్టు 17న మొదలైనది. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ పక్షములో జరుగును. 2022లో అది ఆగస్టు నడుమ వచ్చినది; 2023లో సెప్టెంబరు మొదటికి జరిగినది. ఆ యేటి ఆగస్టు లెక్కను చూచి మంత్రాలయమునకు భక్తులు తగ్గిరని చెప్పుట పొరపాటు.

ఈ చిక్కునకు మందు సులభమైనది. పండుగ దినమును సున్నగా ఎంచి, దానికి ముందు దినములను, తరువాతి దినములను లెక్కించవలెను. పండుగకు మూడు దినముల ముందటి అమ్మకమును క్రిందటి యేడు పండుగకు మూడు దినముల ముందటి అమ్మకముతో పోల్చవలెను. అందుకొరకు కంప్యూటరునకు పంచాంగమును కూడ నేర్పవలెను. పండుగల తేదీలను ఒక పట్టికగా వ్రాసి టిక్కెట్ల పట్టికతో జతచేసినచో చాలును. ఏటేట రాని వేడుకలను మాత్రము వేరుగా ఉంచవలెను. తుంగభద్రకు పుష్కరములు పండ్రెండేండ్లకొకమారు వచ్చును. 2008 డిసెంబరులో వచ్చినవి మరల 2020 నవంబరు 20న మొదలైనవి. పుష్కరపు నెలను దాని తరువాతి సంవత్సరపు నెలతో పోల్చుట పెండ్లినాటి వంట ఖర్చును మరునాటి ఖర్చుతో పోల్చుట వంటిది.

మూడవ నియమము: కొలత మారినదేమో చూచుకొనవలెను. 2022 ఏప్రిల్ 4న పూర్వపు కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా వేరుపడినది. శ్రీశైలము, మహానంది, అహోబిలము నంద్యాల జిల్లాలో చేరినవి. కర్నూలు జిల్లా అను పేరు మారలేదు. దాని ఎల్లలు మారినవి. ఆ సంగతి మరచి 2021 నాటి కర్నూలు జిల్లా లెక్కను 2023 నాటి లెక్కతో పోల్చినచో సగము యాత్రికులు మాయమైనట్లు కనిపించును.

కరోనా వ్యాధి వ్యాపించిన 2020లో మార్చి చివరి వారము నుండి మే 21 వరకు రాష్ట్రమున బస్సులు నడువలేదు. ఆ దినములకు పట్టికలో సున్నలుండును. ఆ సున్నలను కూడ కలిపి వేసవి సగటు కట్టినచో ఈ సీమలో వేసవికి ఎవరును ప్రయాణము చేయరన్నట్లు తేలును. ఒకనాడు టిక్కెట్లు అమ్ముడుపోకుండుట వేరు. ఆనాడు బస్సే లేకుండుట వేరు. యంత్రము చెడి లెక్క అందకుండుట వేరు. మూడింటికిని సున్న అను ఒకే గుర్తు వేసినచో సత్యము చెడును.

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్ర ప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకము అమలులోనికి వచ్చినది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలు చార్జి లేకుండ ప్రయాణము చేయవచ్చును. వారికి కూడ యంత్రము నుండి టిక్కెట్టు ఇత్తురు. దానిపై వారు చెల్లించవలసిన మొత్తము సున్న. ఆ తేదీకి ముందును తరువాతను పోల్చువాడు ఒక ప్రశ్న వేసికొనవలెను: లెక్కించునది టిక్కెట్లనా, రూపాయలనా? ప్రయాణికులు పెరుగుచుండగా కండక్టరు సంచిలో రొక్కము తగ్గవచ్చును. రెండు గీతలును సత్యమే చెప్పును. కాని రెండును ఒకే సంగతిని చెప్పవు.

నాలుగవ నియమము అన్నింటికన్న లోతైనది. సంఖ్య ఎందరు అని చెప్పును. ఎందుకు అని చెప్పదు. కర్నూలు జిల్లా పడమటి భాగమున కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, ఆదోని మొదలగు ప్రాంతములలో వానలు తప్పిన యేడు పనులుండవు. అప్పుడు కుటుంబములు మూటాముల్లె కట్టుకొని వలస పోవుదురు. మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు కొందరు, ఇండ్లు కట్టు పనులకు బెంగుళూరు, హైదరాబాదు నగరములకు కొందరు వెళ్లుదురు. చలికాలమున ఆ దారులలో టిక్కెట్ల గీత పైకి లేచును. కంప్యూటరు తెరపై ఆ గీతకును, తిరునాళ్ల నాటి గీతకును భేదము కనిపించదు. రెండును ఎత్తుగనే ఉండును. కాని ఒకటి వేడుక, రెండవది వేదన. వ్యాన్లలోను, లారీలలోను పోవువారు ఈ లెక్కలోనికి రానేరారు.

ఈ రెండింటిని గుర్తించు మార్గము లేకపోలేదు. పండుగకు పోయినవాడు రెండు మూడు దినములలో తిరిగి వచ్చును. వలసపోయినవాడు నెలల తరువాత గాని రాడు. కావున పోవు టిక్కెట్లను, వచ్చు టిక్కెట్లను ప్రక్కప్రక్కన గీసినచో తిరునాళ్లకు రెండు గీతలును వెంటవెంటనే లేచును. వలసకు ఒక గీత చలికాలమున లేవగా రెండవది వేసవిలో గాని లేవదు. ఆ నడుమనున్న ఎడము పాఠశాలలో ఖాళీయైన బల్లలకు గుర్తు. వలసపోవువారి పిల్లల చదువు చెడకుండుటకు అట్టి గ్రామములలో ఋతుకాలపు వసతిగృహములు నడుపుచున్నారు. వానిని ఎప్పుడు తెరువవలెనో తెలిసికొనుటకు బస్సు టిక్కెట్ల లెక్క కూడ కొంత తోడ్పడగలదు.

ఈ నియమములు తప్పినచో కలుగు హానిని ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఒక మెట్టపల్లెకు ఉదయము ఒక బస్సు వచ్చుచున్నదనుకొందము. దానిలో 50 సీట్లు కలవు. జులై మాసములో దినమునకు 15 టిక్కెట్లు అమ్ముడైనవి. వచ్చు ప్రయాణికులకును సీట్లకును గల నిష్పత్తిని రవాణా సంస్థవారు ఓ.ఆర్. అని పిలుతురు. ఇచ్చట అది నూటికి 30 మాత్రమే. బస్సు నష్టములో నడుచుచున్నదని తోచును. కాని ఆ బస్సులోనే పాసులు గల విద్యార్థులు 20 మంది ఉన్నత పాఠశాలకు పోవుచున్నారు. పాసు గలవారు టిక్కెట్టు కొనరు. వారిని కూడ చేర్చినచో ప్రయాణికులు 35 మంది, ఓ.ఆర్. నూటికి 70. విత్తనముల కాలమున పెద్దలు పొలములలో ఉండుటచే టిక్కెట్లు తగ్గినవి గాని ఆ బస్సు అవసరము తగ్గలేదు. పాసుల లెక్కను చేర్చక ఆ బస్సును మాన్పినచో ఆ ఇరువది మందిలో ఎందరు కాలినడకను బడికి పోగలరు? దూరమునకు జంకి తలిదండ్రులు మొదట మాన్పించునది ఆడపిల్లల చదువునే. ఒక గీతను తప్పుగా చదివిన ఫలితము ఒక బాలిక జీవితముపై పడును.

లెక్కలనుండి సత్యమును రాబట్టు విద్యకు గణాంకశాస్త్రమని పేరు. ఆ శాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు కర్నూలుకు పొరుగుననున్న నాటి బళ్లారి జిల్లాలోని హడగళిలో 1920లో జన్మించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరి గొప్ప పరిశోధనలు చేసెను. 2023లో, తన నూట రెండవ యేట, అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారమును పొందెను. ఆ సంవత్సరముననే పరమపదించెను. కొద్దిపాటి లెక్కలనుండి ఎంతవరకు నిశ్చయముగా చెప్పవచ్చునో, ఎక్కడ ఆగవలెనో తెలుపుట ఆయన పరిశోధనలలో ప్రధానమైనది.

ఆ ఆగుట తెలిసియుండుటయే వివేకము. సాఫ్ట్‌వేరు కోట్ల టిక్కెట్లను కనురెప్పపాటులో కూడగలదు. పోటును, లోటును రంగులలో చూపగలదు. కాని శివరాత్రి ఎప్పుడు వచ్చినదో, వాన ఏ యేడు తప్పినదో, ఏ పిల్లలు పాసులతో ఎక్కుచున్నారో ఆ సీమను ఎరిగినవారే దానికి చెప్పవలెను. డిపోలో కూర్చున్న అధికారి తెరపై ఒక గీత తగ్గుట చూచినప్పుడు ఆ దారిలో తిరుగు కండక్టరును పిలిచి ఒక్కమాట అడిగినచో పెక్కు పొరపాట్లు తొలగిపోవును. లెక్క వచ్చినవాడు, ఊరు తెలిసినవాడు కలిసి చదివిననాడు టిక్కెట్ల గీతలలో ప్రజల సుఖదుఃఖములు కనిపించును. అప్పుడు బస్సు కావలసిన వేళకు, కావలసిన ఊరికి చేరును.